చెంచాడు సున్నం

పిడుగురాళ్ళ,
జూలై 4

సరితకు,

ఫోన్ చేస్తే ఎత్తి చెవిన పెట్టుకుంటావు గానీ నోరు విప్పవు. రెండుసార్లు చేశాను. రెండుసార్లూ నీ ఊపిరి వినిపించింది తప్ప మాట వినిపించలేదు. అందుకే రాస్తున్నాను. రాసిందైతే రేపు పెద్దల ముందు పెట్టడానికీ పనికొస్తుంది. నేను చదివిన ఐదో తరగతి ఇందుకైనా ఉపయోగపడనీ.

ఆషాఢమని నిన్ను పుట్టింటికి పంపామని ఇక్కడ అందరికీ చెప్పాను. ఆషాఢం వెళ్ళినా తీసుకురావడానికి ఎవరూ రారు. ఎందుకో నీకు తెలుసు. మాచర్ల పెళ్ళికి పోతూ కారెంపూడి చేరేలోపు పెళ్ళి బస్సును మూడుసార్లు ఆపించావు. మూడోసారి డ్రైవరు, "ఏందమ్మా రాఘవమ్మా, కోడల్ని తెచ్చుకున్నావా, బోరింగు తెచ్చుకున్నావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. పాతికేళ్ళు సున్నపు బట్టీ దగ్గర మగవాళ్ళ మధ్య నిలబడి పని చేయించినదాన్ని. నన్ను చూసి ఏ మగాడూ నవ్వలేదు. నీ వల్ల నవ్వారు.

బిందెడు నీళ్ళు తాగడం, బాత్‌రూముకు పరుగెత్తడం, మళ్ళీ బిందె దగ్గరికి రావడం. ఇది షుగరు. పెళ్ళికి ముందు నుంచే ఉంది. మీ అమ్మ అలివేలమ్మ దాచిపెట్టి నా కొడుక్కి అంటగట్టింది.

నీకు నేనేం తక్కువ చేశాను? కడుపు పండాలని, రేపు కాన్పుకు నడుం తట్టుకోవాలని పొద్దున పాలల్లో చెంచాడు, సాయంత్రం మజ్జిగలో చెంచాడు మన బట్టీ సున్నం నా చేత్తో కలిపి తాగించాను. వేరేవాళ్ళు గోధుమ గింజంత వేస్తే గొప్ప. నేను చెంచాలతో పోశాను. కాల్షియం బిళ్ళలు అదనం. కన్నతల్లి చేస్తుందా ఇంత?

పెళ్ళికి ముందే షుగరు ఉందని, దాచామని కాగితం మీద రాసి, నువ్వూ మీ నాన్నా సంతకాలు పెట్టి పంపండి. గొడవ లేకుండా విడిపోదాం. లేదంటే దసరా వెళ్ళాక, ఈ సంబంధం తెచ్చిన బాబూరావు మామయ్యను, ఇంకో నలుగురిని మా వాకిట్లో కూర్చోబెట్టి తేల్చేస్తాను. నీ బతుకు నలుగురి నోళ్ళల్లో పడుతుంది. నీ ఇష్టం.

ఖాదర్ వలి సున్నం లారీ మీ ఊరి మీదుగానే పోతుంది. జవాబు అతని చేతికివ్వు.

రాఘవమ్మ


దుర్గి,
జూలై 9

అత్తయ్య గారికి మీ కోడలు సరిత నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం అందింది. అమ్మ చదవమంది. షుగరు అన్న మాట దగ్గర ఆగిపోయి, "అందరూ బాగున్నారంట" అని మడిచేశాను.

ఫోన్‌లో మీ గొంతు వినగానే నా నాలుక అంగిలికి అంటుకుపోతుంది. అది పొగరు కాదు అత్తయ్యా. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా నాకు గొంతు పెగిలేది కాదు. ఎదురుగా కూర్చుని ఉన్నా రాలేదని వేసేవారు. ఏడో తరగతి అలాగే గడిచింది. కాగితానికి కళ్ళుండవు కాబట్టి దాని మీద మాత్రం మాట్లాడగలను.

నాకు షుగరు లేదు. పెళ్ళికి ముందు ఈ దాహం లేదు, ఈ పరుగులూ లేవు. మన ఇంటికి వచ్చిన నాలుగైదు నెలలకు మొదలైంది. ఆర్‌ఎంపీ వేలు పొడిచి చూసి లేదన్నాడు. మీరు పక్కనే ఉండి, "నీ మిషను పాడైంది" అన్నారు. అప్పుడు నేను మాట్లాడి ఉండాల్సింది.

ఇక్కడికి వచ్చాక కూడా తగ్గలేదు. ఆకలి లేదు, వాంతి వచ్చినట్టుంటుంది, కాళ్ళు ఈడుస్తూ నడుస్తున్నాను. మీరు డబ్బాలో పెట్టి పంపిన సున్నం మాత్రం మానలేదు. రెండు పూటలా మీరు చెప్పినట్టే తాగుతున్నాను. బిళ్ళలూ వేసుకుంటున్నాను.

ఆయన్ను ఒక్కసారి ఫోన్ చేయమనండి. స్విచాఫ్ వస్తోంది. సంతకం మాత్రం పెట్టలేను. లేని జబ్బు ఉందని ఎట్లా రాసివ్వను?

మీ
సరిత


పిడుగురాళ్ళ,
జూలై 20

సరితకు,

నోరు లేదనుకున్నాను, అదంతా కలంలోకి దిగిందన్నమాట.

నా ఇంటికొచ్చాక వచ్చిందా జబ్బు? అంటే నా ఇంటి నీళ్ళలో ఉందా, కూట్లో ఉందా? అవే నీళ్ళు తాగి నా కొడుకు నరేంద్ర బట్టీలో మంట ముందు నిలబడుతున్నాడు. వాడు కొత్త సిమ్ తీసుకున్నాడు. నంబరు నీకు ఇవ్వొద్దన్నాను. "ఊ" అన్నాడు. వాడికీ విసుగొచ్చిందని దాన్ని బట్టే తెలుసుకో.

నీళ్ళు తాగితేనే గదా పోసేది! ఒక్క రోజు ఒక్క చెంబు నీళ్ళతో ఉండి చూడు. ఉండగలిగితే నీకు జబ్బు లేనట్టు. ఉండలేకపోతే ఉన్నట్టు. ఏ డాక్టరూ అక్కర్లేని పరీక్ష ఇది.

కడుపుతో ఉన్న నీ ఆడపడుచు మహాలక్ష్మికి వాంతులు ఎక్కువగా ఉన్నాయని ఐదో నెలలోనే తెచ్చుకున్నాం. నేను కలిపిచ్చింది నీలాగా ముక్కు మూసుకోకుండా గటగటా తాగుతుంది. నా రక్తం కదా.

సంతకం సంగతి మర్చిపోకు.

రాఘవమ్మ


దుర్గి,
ఆగస్టు 3

అత్తయ్య గారికి,

మీరు చెప్పిన పరీక్ష చేశాను.

పొద్దున ఒక్క చెంబు నీళ్ళు పెట్టుకున్నాను. పదింటికల్లా అయిపోయాయి. ఇక తాగలేదు. కానీ తాగడం ఆగింది గానీ పోవడం ఆగలేదు. నాలుక తోలు ముక్కలా అయింది. మధ్యాహ్నం నాన్నకు అన్నం తీసుకెళ్ళి, ఆయన చెక్కుతున్న నంది పక్కనే పడిపోయాను. నాన్న ఉలి పారేసి లేవనెత్తాడంట. అమ్మ మాత్రం లోకమంతా వినేట్టు అరిచింది: "ఏమే, నీళ్ళు తాగొద్దని ఏ తల్లి చెప్పిందే నీకు?" నేను మీ పేరు చెప్పలేదు.

నరసరావుపేట పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు గారు ముందుగా అడిగింది, "ఎన్నిసార్లు పోతున్నావో అందరూ చెబుతారమ్మా. ఎంత పోతున్నావు?" అని. మంటతో కొంచెం కొంచెం ఎక్కువసార్లు పోతే అది వేరే జబ్బంట. ప్రతిసారీ ఎక్కువ పోతే వేరే. ఒక రోజంతా పట్టి కొలిచి తెమ్మన్నాడు. ఎంత దాహమైతే అంత తాగమన్నాడు.

మా నాన్న ఐదు లీటర్ల నూనె డబ్బా కడిగి, లీటరు నీళ్ళు పోసినప్పుడల్లా ఉలి మొనతో పక్కన ఒక గీత గీశాడు. ఆ డబ్బా నిండి, రెండో డబ్బాలో ముప్పావు లీటరు వచ్చింది. రెంటినీ సంచిలో పెట్టి బస్సులో ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. పక్కనాయన, "నూనా బాబాయ్?" అంటే "ఊ" అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

మంచిగా ఉన్న మనిషికి లీటరున్నర, రెండు లీటర్లంట. మూడు దాటితేనే ఎక్కువంట. నాకు ఐదు ముప్పావు. పరగడుపున, తిన్నాక, మూడు నెలల సరాసరి, అన్ని రకాల షుగరు పరీక్షలూ చేశారు. లేదు. ఆ కాగితం నకలు దీనితో పంపుతున్నాను. ఆ మిషను కూడా పాడైందంటారేమో.

"నువ్వు తాగుతున్నావు కాబట్టి పోవడం లేదమ్మా. పోతోంది కాబట్టి తాగుతున్నావు" అన్నాడాయన. నీళ్ళు ఆపి చూడటం నిజంగానే ఒక పరీక్షంట. కానీ అది ఆసుపత్రిలో, గంటగంటకూ బరువు తూస్తూ చేసేదంట. "ఇంట్లో చెయ్యమన్నదెవరు?" అని గట్టిగా అడిగాడు.

నీళ్ళను ఒంట్లోనే పట్టి ఉంచమని తలలోంచి కిడ్నీకి కబురు వెళ్తుందంట. ఆ కబురు వెళ్ళడం లేదా, వెళ్ళినా కిడ్నీ వినడం లేదా అన్నది తేలాలి. దానికి ముందు ఇంకొన్ని రక్త పరీక్షలున్నాయి. పద్దెనిమిదో తారీకున రమ్మన్నారు.

సరిత


పిడుగురాళ్ళ,
ఆగస్టు 11

సరితకు,

సిగ్గుపడే పిల్ల అని చెప్పి చేశారు సంబంధం. ఉచ్చ డబ్బాలో పట్టి, తండ్రి చేత బస్సులో మోయించి, పరాయి మగాడి బల్ల మీద పెట్టించిందా సిగ్గుపడే పిల్ల? ఇది బయటికొస్తే మహాలక్ష్మి అత్తగారింట్లో మేం తలెత్తుకోలేం.

షుగరు కాకపోతే కిడ్నీ. కిడ్నీ కాకపోతే తల. ఏదో ఒకటి ఉంది కదా? ఆ సంగతి నీ కాగితమే చెబుతోంది. ఆ కాగితం జాగ్రత్తగా దాచాను. పెద్దలకు అదే చాలు.

నాకు తెలిసి నువ్వు సున్నం ఎగ్గొట్టి ఉంటావు. అది మానబట్టే ఒళ్ళు గుల్లై పడిపోయావు. ఖాదర్ వలి చేత ఇంకో డబ్బా పంపుతున్నాను, నేనేదో వదిలేశానని రేపు పెద్దల్లో అనకుండా. ఇదే ఆఖరి డబ్బా. దసరా దాకా సరిపోతుంది. ఆ తర్వాత నీకూ మాకూ చెల్లు.

రాఘవమ్మ


నరసరావుపేట ఆసుపత్రి,
ఆగస్టు 22

రాఘవమ్మ గారికి,

మంచం మీద కూర్చుని రాస్తున్నాను. సెలైను ఎడమ చేతికి పెట్టమని నేనే అడిగాను, కుడి చేత్తో ఈ ఉత్తరం రాయాలని.

పద్దెనిమిదిన డాక్టరు, "రోజూ ఏమేం మందులు వాడుతున్నావు?" అన్నాడు. "ఏమీ లేవండీ" అన్నాను. సున్నం మందని నాకు తెలియదు. మీరిచ్చే బిళ్ళలు కూడా బలానికే అనుకున్నాను. నర్సు షబీనా అక్క పక్కకు తీసుకెళ్ళి, "బీపీ బిళ్ళలు, నీళ్ళు లాగేసే బిళ్ళలు, పసరు మందులు... ఎవరేమిచ్చినా చెప్పమ్మా" అంది. ఎప్పటిలాగే నోరు రాలేదు. నా ముఖం చూసి, "అత్తగారు ఎట్లా చూసుకుంటారు?" అంది. దానికి జవాబు కూడా చెప్పలేక, సంచిలో ఉన్న మీ మొదటి ఉత్తరం తీసి ఆమె చేతిలో పెట్టాను. మీరు నన్నెట్లా చూసుకుంటారో చదువుకుంటుందని.

చదువుతూ షబీనా అక్క బోరింగు అన్న మాట దగ్గర పెదవి కొరుక్కుంది. షుగరు దగ్గర తలూపింది. ఆ తర్వాత లేచి నిలబడింది. ఆ కాగితం పట్టుకుని డాక్టరు గదిలోకి పరుగెత్తింది.

డాక్టరు నా ముందే బయటికి చదివాడు. "పొద్దున పాలల్లో చెంచాడు, సాయంత్రం మజ్జిగలో చెంచాడు, కాల్షియం బిళ్ళలు అదనం." మళ్ళీ ఒకసారి చదివాడు. "ఇది ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. తొమ్మిది నెలలని వేళ్ళు చూపించాను.

రక్తంలో కాల్షియం పదిన్నర దాటకూడదు. నాకు పదమూడు పాయింట్ నాలుగు. తల నుంచి కబురు సరిగ్గానే వస్తోందంట. కాల్షియం ఎక్కువైపోయి కిడ్నీయే ఆ కబురు వినడం మానేసిందంట. ఫోన్ ఎత్తి మాట్లాడని నాలాగా. నీళ్ళు ఆపే పరీక్ష ఇక అక్కర్లేదన్నారు. తమలపాకు మీద రాసుకునేది వేరు, చెంచాలతో తాగేది వేరు అన్నారు. ఇంకో రెండు నెలలు తాగితే కిడ్నీలే పోయేవన్నారు. సున్నం, బిళ్ళలు ఆపించి సెలైను పెట్టారు. మీరు పంపిన ఆఖరి డబ్బా షబీనా అక్క దగ్గర ఉంది.

మీరు కావాలని చేశారని నేను అనను. కానీ మీ చేత్తోనే జరిగింది.

నాకోసం కాదు ఈ ఉత్తరం. మహాలక్ష్మి వదినకు ఆపండి. ఈ రోజే ఆపండి. కడుపులో బిడ్డకు కూడా మంచిది కాదన్నారు. నిన్న వదినకు ఫోన్ చేశాను. మీరు ఎత్తారు. "ఎవరదీ?" అన్నారు. ఫోన్ పెట్టేసి చానాసేపు నన్ను నేనే తిట్టుకున్నాను. అందుకే ఈ కవరులోనే వదిన పేరున ఇంకో ఉత్తరం పెట్టాను. అది ఆమెకివ్వండి.

సరిత


పిడుగురాళ్ళ,
ఆగస్టు 30

ఏమే సరితా,

నా సున్నం మీద నింద వేస్తావా? మా మామగారి నాడు పెట్టిన బట్టీ అది. పల్నాడులో సగం ఇళ్ళ గోడలకు మా సున్నమే. మా అత్త నాకు పట్టింది, ముగ్గురిని కన్నాను. నువ్వు మాత్రం తాగి పడిపోయావా? గోడకు సున్నం ఎక్కువైతే గోడ పడుతుందా?

నా ఇంటి ఉత్తరం నర్సుకిచ్చి చదివించావు. అత్త రాసిన మాటలు ఆసుపత్రిలో బయటికి చదివించుకుని ఆనందించావు. ఇంత విషం నీలో ఉందని తెలిస్తే గడప తొక్కనిచ్చేదాన్ని కాదు.

మహాలక్ష్మి పేరున రాసింది పొయ్యిలో పెట్టాను. ఏడో నెల పిల్లను భయపెట్టే మాటలు నా ఇంట్లోకి రానివ్వను. కడుపుతో ఉన్న ఆడది నాలుగుసార్లు ఎక్కువ లేస్తుంది. అది లోకమంతా ఉన్నదే.

దసరా వెళ్ళిన మూడో రోజు పెద్దలు వస్తారు. సంతకం తయారుగా పెట్టుకో.

రాఘవమ్మ

మీ నాన్న గీతలు గీసిన డబ్బా ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పట్టాలన్నారు? ఊరికే అడుగుతున్నాను.


దుర్గి,
సెప్టెంబరు 2

రాఘవమ్మ గారికి,

మీరెందుకు అడిగారో నేను అడగను.

ఒక రోజు పొద్దున లేవగానే మొదటిది పారబోయాలి. టైము రాసి పెట్టుకోవాలి. అప్పటి నుంచి ఒక్కటి కూడా వదలకుండా పట్టి, మర్నాడు అదే టైముకు పోసేదాన్ని కూడా కలపాలి. సరిగ్గా ఇరవైనాలుగు గంటలు. నీళ్ళు ఆపకూడదు. మళ్ళీ రాస్తున్నాను, మీ పరీక్ష ఆమె మీద చేయకండి. మూడు లీటర్లు దాటితే ఇంట్లో ఉంచకుండా నరసరావుపేటకు తీసుకెళ్ళి కాల్షియం చూడమనండి. అసలు దాటేదాకా ఆగడమెందుకు, కొలవకముందే తీసుకెళ్ళండి.

గోడకు సున్నం ఎక్కువైతే ఏమవుతుందో నాకు తెలియదు. నేను గోడను కాదు.

నాకు ఇప్పుడు రెండు లీటర్లు. నిన్న దుర్గి నుంచి మాచర్ల దాకా బస్సులో వెళ్ళి వచ్చాను. ఎక్కడా ఆపించలేదు.

డబ్బా ఖాదర్ వలి అన్నతో పంపుతున్నాను. కడిగిందే. గీతలు సరిగ్గా ఉన్నాయి. మా నాన్న చేతి గీత తప్పదు.

సరిత


పిడుగురాళ్ళ,
సెప్టెంబరు 17

సరితకు,

డబ్బా అందింది. మహాలక్ష్మికి నాలుగుంబావు వచ్చింది. ఆ రోజే సున్నం ఆపేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కాల్షియం పన్నెండు దాకా ఉంది. ఐదు రోజులు ఉంచుకున్నారు. బిడ్డ బాగానే ఉందన్నారు. ఇప్పుడు తగ్గింది. నర్సు షబీనా అనే ఆమె నన్ను చూసి, "చెంచాడు సున్నం రాఘవమ్మ గారు మీరేనా?" అంది. ఏం చెప్పమంటావు.

జరిగిందేదో జరిగింది. పెద్దల్లో పెట్టడం మానుకున్నాను. బాబూరావు మామయ్యకు ఫోన్ చేసి అక్కర్లేదని చెప్పాను. వచ్చే ఆదివారం నరేంద్ర వస్తాడు. బట్టలు సర్దుకుని వచ్చెయ్. మహాలక్ష్మి నిన్ను అడుగుతోంది.

మొదట్లో నేను రాసిన ఉత్తరం నీ దగ్గరే ఉందనుకుంటా. వచ్చేటప్పుడు అది తెచ్చి నా చేతికివ్వు. అట్లాంటివి ఇంట్లో ఉండకూడదు. ఈ మాటలన్నీ ఇక్కడితో వదిలేద్దాం.

రాఘవమ్మ


దుర్గి,
సెప్టెంబరు 21

అత్తయ్యకు,

వదినకు తగ్గినందుకు సంతోషం. అది నిజంగా రాస్తున్నాను.

కానీ ఇక్కడితో వదిలేద్దామన్న మాట మీరు అనడానికి వీల్లేదు. నాకు షుగరని, మా అమ్మ దాచిందని మీరు ఎంతమందికి చెప్పారో నాకు తెలియదు. మీ ఊళ్ళో నన్ను ఇప్పటికీ బోరింగు అనే అంటారని ఖాదర్ వలి అన్న చెప్పలేక చెప్పాడు. నేను బట్టలు సర్దుకుని వచ్చేస్తే ఆ మాటలు వెళ్ళిపోవు. నేను బాత్‌రూముకు వెళ్ళినప్పుడల్లా గడప దాకా నా వెంట వస్తాయి.

అందుకని పెద్దలను రమ్మనండి. దసరా వెళ్ళిన మూడో రోజే, మీ వాకిట్లోనే, మీరు పిలుస్తానన్న ఆ ఐదుగురినే. నేనూ మా అమ్మానాన్నా వస్తాం. వదిన కూడా కూర్చుంటే మంచిది.

ఆదివారం ఆయన్ను పంపకండి. మీరు వద్దన్నప్పుడు ఊ అని, మీరు పొమ్మన్నప్పుడు వచ్చే మనిషి వెనక నేను నడవలేను. తనంతట తాను వస్తే మా తలుపు తీసే ఉంటుంది. రాకపోతే ఆ రోజు పెద్దల ముందు ఎవరి పక్కన కూర్చుంటాడో చూస్తాను.

ఉత్తరం ఇవ్వను. మీరు కాగితమే కావాలన్నారు కదా, రాసింది పెద్దల ముందు పెట్టడానికి పనికొస్తుందని. నిజమే, పనికొస్తుంది. దాన్ని ఆ రోజు నేనే తెస్తాను. అందరి ముందు నిలబడి చదవడం నా వల్ల కాదని మీకు తెలుసు. మీకైతే మగవాళ్ళ మధ్య నిలబడటం పాతికేళ్ళ అలవాటు. మీరే చదవాలి. మొదటి నుంచి చివరి దాకా, బస్సు, బోరింగు, షుగరు ఏదీ వదలకుండా. చెంచాడు సున్నం దగ్గరికి వచ్చేసరికి కాస్త నిదానంగా, వెనక కూర్చున్న వాళ్ళకు కూడా వినపడేట్టు.

అది పూర్తిగా చదివిన తర్వాత, రమ్మంటే మీ ఇంటి లోపలికి వస్తాను.

చదివేటప్పుడు మీ గొంతు ఎండిపోతుంది. నాకు తెలుసు అది ఎట్లా ఉంటుందో. పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకోండి. తాగొద్దని నేను అనను.

సరిత